తీసేసిన పేజీ: ఒక ఉపాధ్యాయుడి బ్లాగు కేసు

పదహారేళ్లు పత్రిక డెస్కులో పనిచేశాను. ఇప్పుడు చిన్న చిన్న వెబ్‌సైట్లు, బ్లాగులు నడిపేవాళ్లకు సమాచారం సరిచూసుకోవడం ఎలాగో చెబుతుంటాను. ఒక టీచరు తన బ్లాగులో నకిలీ పరీక్షల టైంటేబుల్ పెట్టి, తర్వాత తీసేసిన కేసు ఇది. నా దగ్గరికొచ్చిన వాటిలో పెద్దదేమీ కాదు. ఎవరి డబ్బూ పోలేదు, పోలీసు స్టేషన్ దాకా వెళ్లలేదు. అయినా శిక్షణ తరగతుల్లో ఎక్కువసార్లు చెప్పేది దీని గురించే. ఇందులో మొదటి పొరపాటు బ్లాగరుది, రెండోది నాది. రెండోదాన్ని దాచకుండా రాయాలనే ఇది మొదలుపెట్టాను. జిల్లా, బ్లాగు పేరు, సంవత్సరం చెప్పను. ఆయన్ని మాస్టారు అంటాను, పిలిచేదీ అలాగే.

నేపథ్యం

మాస్టారు ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంటు, అంటే లెక్కలు చెప్పే టీచరు. బ్లాగు మొదలుపెట్టింది ఉమ్మడి రాష్ట్రంలో. అప్పట్లో తెలుగు బ్లాగులంటే కవితలు, సినిమా కబుర్లు, అమెరికాలో ఉన్నవాళ్ల ఊరి జ్ఞాపకాలు. లేఖిని అనే సైట్‌లో తెలుగు టైపు చేసుకుని, ఎవరేం రాశారో కూడలి అనే సైట్‌లో చూసుకునే రోజులు. మాస్టారిది ఆ గుంపు కాదు. ఆయనది టీచర్ల బ్లాగు. ఈ రకం గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు గానీ, రెండు రాష్ట్రాల్లో ఏ స్టాఫ్‌రూములో అడిగినా మూడు నాలుగు పేర్లు టకటకా చెబుతారు. డీఏ (కరువు భత్యం) పెరిగితే చేతికెంత వస్తుంది, కొత్త పీఆర్సీలో (వేతన సవరణలో) నా బేసిక్ ఎక్కడ పడుతుంది, బదిలీల్లో నా పాయింట్లెన్ని, మెడికల్ బిల్లుకు ఏ కాగితాలు జతచేయాలి, పదో తరగతి మోడల్ పేపర్లు, ఫిబ్రవరి వస్తే ఇన్‌కంట్యాక్స్ ఎక్సెల్ షీటు. అన్నిటికీ వెళ్లేది అక్కడికే.

పూర్వం ఒక ఉత్తర్వు హైదరాబాదులో బయల్దేరి ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు మీదుగా పల్లెటూరి బడికి చేరేసరికి వారాలు పట్టేది. 2008లో ప్రభుత్వం జీవోలను (ప్రభుత్వ ఉత్తర్వులను) వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలుపెట్టింది. అయితే ఏ శాఖదో, ఏ తేదీదో తెలిస్తే తప్ప అక్కడ దొరకదు. దొరికినా ఆఫీసు ఇంగ్లిష్. మాస్టారి లాంటివాళ్లు దాన్ని దించి, కింద నాలుగు ముక్కలు తెలుగులో రాసేవారు: ఎవరికి వర్తిస్తుంది, ఏ నెల నుంచి, అరియర్లు పీఎఫ్‌లో వేస్తారా చేతికిస్తారా. ఆ నాలుగు ముక్కలే ఆయన పేరు నిలబెట్టాయి. 2015లో రెండు రాష్ట్రాలూ 43 శాతం ఫిట్‌మెంట్ (బేసిక్ మీద పెంపు) ఇచ్చినప్పుడు, పాత బేసిక్ పక్కన కొత్త బేసిక్ వేసి ఒక పట్టిక పెట్టారు. ఆ రాత్రి వచ్చినంత మంది మళ్లీ ఎప్పుడూ రాలేదని ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు.

ఆ తర్వాత మూడు మార్పులొచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోవడంతో ఒకే తీరు కాగితం రెండు ప్రభుత్వాల నుంచి రావడం మొదలైంది. ఒక రాష్ట్రం జీవో రెండో రాష్ట్రం టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మామూలైపోయింది. 2018లో గూగుల్ తెలుగు పేజీలకూ ప్రకటనలివ్వడం మొదలుపెట్టింది. దాంతో ముందు పెట్టినవాడికే జనం, జనం ఉన్నవాడికే ప్రకటన అన్న పరుగు పందెం తయారైంది. ప్రభుత్వోద్యోగి ప్రైవేటు వ్యాపారం చేయడానికి 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు కాబట్టి మాస్టారి ప్రకటనల ఖాతా ఆయన శ్రీమతి పేరు మీద ఉండేది. ఇక 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఆ వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. 2024 ఆగస్టులో గానీ మళ్లీ మొదలు కాలేదు. ఆ మధ్య కాలంలో చాలా కాగితాలు వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తేనే చూసినట్టు. ఎవరి ఫోన్ నుంచి బయల్దేరిందో ఎవరికీ తెలియదు.

పరీక్షల సంగతి వేరే టెన్షన్. కరోనా వల్ల 2020లో, 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఆ తర్వాత ఆంధ్రలో 11 పేపర్లు కాస్తా 2022లో ఏడు, 2023లో ఆరు అయ్యాయి. ఏటా ఏదో ఒకటి మారేది. దాంతో ఎంత వింత కాగితం వచ్చినా "ఏమో, ఈసారి ఇలా మార్చారేమో" అని నమ్మే స్థితికి టీచర్లూ, తల్లిదండ్రులూ వచ్చేశారు. అబద్ధం పండటానికి అంతకంటే మంచి నేల ఉండదు.

ఏం జరిగింది

ఒక రాత్రి పదిన్నరకు మాస్టారికి ఒక గ్రూపులో పదో తరగతి టైంటేబుల్ పీడీఎఫ్ వచ్చింది. పైన ప్రభుత్వ పరీక్షల డైరెక్టరేట్ పేరు, కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. పది నిమిషాల్లో బ్లాగులో పెట్టేశారు. తెల్లారేసరికి అది వందల గ్రూపుల్లో ఉంది. మర్నాడు సాయంత్రానికి తేలింది, అది నకిలీదని. ఎవరో కిందటేడాది టైంటేబుల్ తీసుకుని సంవత్సరం అంకె ఒక్కటీ మార్చారు.

ఆయన వెంటనే ఆ పేజీ తీసేశారు. కామెంట్లు మూసేశారు. బ్లాగు నెత్తిన ఎర్ర అక్షరాలతో "ఇక్కడి సమాచారం అవగాహన కోసమే, మాకు ఎటువంటి బాధ్యత లేదు" అని రాశారు. ఇక గొడవ సద్దుమణుగుతుందనుకున్నారు. వారం తిరిగినా ఫోన్లు ఆగలేదు. తర్వాత అసలు టైంటేబుల్ వచ్చింది, అందులో తేదీలన్నీ వేరు. అయినా ఆగలేదు. నాకు ఫోన్ చేసింది ఆ తర్వాతే.

"తమ్ముడూ, నేను తీసేసి పదిహేను రోజులైంది. జనం ఇంకా నా పేరే చెబుతున్నారు," అన్నారు. నేను వాళ్లింటికెళ్లిన రోజు కూడా ఒక తల్లి ఫోన్ చేసింది. మాస్టారు స్పీకర్‌లో పెట్టారు. వాళ్లమ్మాయి ఆ టైంటేబుల్‌ను జిరాక్స్ తీయించి, అన్నం మెతుకులతో గోడకు అంటించుకుని, దాని ప్రకారమే చదువుకుంటోందట. బళ్లో ఇంకో టైంటేబుల్ చెబుతున్నారని ఆవిడకు అనుమానం. "ఏది నిజం సారూ? మీ దాంట్లో చూశాకే కదా అంటించుకుంది," అంది. మాస్టారు సరైన తేదీలు ఒక్కొక్కటే చెప్పి రాయించారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మాట్లాడలేదు.

నేను మొదట చెప్పినవి, ఎందుకు పనిచేయలేదు

నాకు డెస్కు అలవాటు. ఏ సమస్యైనా వార్త లోపలికొచ్చే గుమ్మం దగ్గరే ఉందనుకుంటాను. అందుకే మొదట చెప్పింది డెస్కు సూత్రమే: ఒకే చోట విన్నది వేయొద్దు, రెండో చోట నిర్ధారించుకోండి. మాస్టారు బుద్ధిగా పాటించారు. రెండు వారాల్లో అది తుస్సుమంది. సెలవుల గురించి ఒక ప్రొసీడింగ్స్ (అధికారి ఉత్తర్వు) వచ్చింది. ఇంకో రెండు బ్లాగుల్లో ఉంది, ఒక పత్రిక వెబ్‌సైట్‌లోనూ ఉంది. సరే అని పెట్టారు. అదీ తప్పే. నేను కూర్చుని వెనక్కి తవ్వితే, ఆ రెండు బ్లాగులూ ఒకే గ్రూపు నుంచి తీసుకున్నాయి. పత్రికవాళ్లు ఆ బ్లాగుల్లో ఒకదాన్ని చూసి రాశారు. ఒకే చెరువు నీళ్లు మూడు కడవల్లోకి వచ్చాయి, మేం కడవలు లెక్కపెట్టాం. డెస్కులో ఉన్నప్పుడు రెండో చోటు అంటే ఒక కలెక్టరేట్ గుమస్తాయో, మా మండల విలేకరో. వాళ్లు వేర్వేరు మనుషులు, వేర్వేరు కాగితాలు చూసినవాళ్లు. బ్లాగుల లోకంలో ఎన్ని చోట్ల కనబడిందన్నది అసలు లెక్కే కాదని నాకు అప్పుడు తెలిసింది.

రెండో సలహా: ఏదొచ్చినా ఒక రోజు ఆగి పెట్టండి. ఇది ఇంకా ఘోరం. మాస్టారు ఆగారు, జనం ఆగలేదు. ఆయన దగ్గర దొరక్కపోతే పక్క బ్లాగుకు వెళ్లారు, అక్కడ ఏదొస్తే అది పెడతారు. జాగ్రత్తగా ఉండే మనిషిని నోరు మూయిస్తే ఆ ఖాళీలోకి ఎవరొస్తారో ముందే ఊహించాల్సింది. ప్రకటనల డబ్బు తగ్గిందని వాళ్లావిడ నవ్వుతూనే అన్నారు గానీ నాకు గుచ్చుకుంది.

మూడోది ఐదుగురు టీచర్లతో ఒక పరిశీలన కమిటీ. సంఘాల గొడవల్లో నెల తిరక్కుండానే మూతపడింది. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

మలుపు

నాకు అసలు విషయం తట్టింది ఒక స్క్రీన్‌షాట్ చూశాక. ఒక గ్రూపులో ఎవరో నకిలీ టైంటేబుల్ మళ్లీ పెట్టారు, కింద మాస్టారి బ్లాగు లింకుతో సహా. ఒకాయన "ఇది నిజమేనా?" అని అడిగారు. ఇంకొకాయన మంచి పనే చేశారు, లింకు నొక్కి చూశారు. అక్కడ ఆ పేజీ లేదని వచ్చింది. ఆయన తిరిగొచ్చి రాసిన మాట: "పేజీ తీసేశారు. పైనుంచి ఒత్తిడి వచ్చినట్టుంది. అంటే నిజమే."

అది చదివి నేను మాస్టారి వరండాలో అలాగే కూర్చుండిపోయాను. నెల రోజులుగా మేమిద్దరం లోపలికొచ్చే దారి గురించే కొట్టుకుంటున్నాం. బయటికి వెళ్లిపోయినదాని సంగతి చూడలేదు. పత్రిక రోజూ పుట్టి రోజూ చస్తుంది. తప్పు పడ్డ కాగితం మర్నాటికి బజ్జీల పొట్లం. మూడో రోజు లోపలి పేజీలో "సవరణ" అని రెండు లైన్లు వేస్తే మా పని అయిపోయేది. బ్లాగు పేజీ అలా చావదు. దాని చిరునామా వందల ఫోన్లలో ఉంటుంది. అనుమానం వచ్చిన ప్రతివాడూ ఆ చిరునామాకే వస్తాడు. సరిచూసుకోవడానికి వచ్చిన మనిషికి మేం ఖాళీ గోడ చూపించాం.

అదృష్టం ఏమిటంటే, మాస్టారు ఆ పేజీని పూర్తిగా చెరపలేదు. డ్రాఫ్టులోకి నెట్టారంతే. కాబట్టి అదే చిరునామాతో మళ్లీ పైకి తేవచ్చు. ఆయన ససేమిరా అన్నారు. "నా పరువు తీసిన దాన్ని నేనే మళ్లీ నిలబెట్టాలా? ఎవరైనా ఫిర్యాదు చేస్తే మెమో వచ్చేది నాకు, నీకు కాదు." ఆ భయం నిజమైనదే, కొట్టిపారేయలేదు. అందుకే నకిలీ కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు పెట్టొద్దని ఇద్దరం ఒప్పుకున్నాం. బొమ్మ మీద ఈ మూల నుంచి ఆ మూలకు "నకిలీ" అని అడ్డంగా రాశాం. దాన్ని విడిగా తీసి పంపినా ఆ ముద్ర దానితోపాటే పోతుంది. శీర్షిక మొదటి మాటే "ఇది తప్పు" అని మార్చాం. లింకు పంపినప్పుడు వాట్సాప్‌లో కనబడేది శీర్షికే కాబట్టి, నొక్కనివాళ్లకూ విషయం తెలుస్తుంది. మొదటి పేరాలో సరైన టైంటేబుల్, పరీక్షల డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో అది ఎక్కడుందో. దాని కింద మాస్టారు స్వయంగా రాసిన పేరా: ఏ రాత్రి, ఎన్ని గంటలకు, ఎందుకు నమ్మానో.

ఆ పేరా రాయడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. అందులో ఒక వాక్యం చదివి నవ్వొచ్చింది, జాలీ వేసింది: "లెక్కల మాస్టారినై ఉండి వారాలు లెక్కేసుకోలేదు." ఒకే తేదీ మరుసటి ఏడాదికి వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది, మధ్యలో లీపు రోజు వస్తే రెండు రోజులు. ఆ నకిలీ కాగితంలో సంవత్సరం మార్చినవాడు వారాల పేర్లు మార్చడం మరిచిపోయాడు. శనివారం అని రాసిన పరీక్ష క్యాలెండర్‌లో చూస్తే ఆదివారం. గోడ మీద వేలాడే క్యాలెండర్ చూసిన ఎవరికైనా ఒక్క నిమిషంలో దొరికిపోయేది.

ఆ పేజీ పైకొచ్చిన నాలుగైదు రోజుల్లో ఫోన్లు పలచబడ్డాయి. గ్రూపుల్లో ఎవరైనా ఆ పీడీఎఫ్ పెడితే, కింద ఇంకెవరో మాస్టారి లింకే పెట్టి జవాబిస్తున్నారు. తప్పును మోసుకెళ్లిన దారిలోనే సవరణా వెళ్లింది.

తర్వాత కుదుర్చుకున్న పద్ధతి

ఒక రోజు ఆగడం కుదరదని తేలింది కదా. అందుకని వేగం తగ్గించకుండా, ప్రతి పోస్టు నెత్తిన మూడు లైన్లు రాయడం పెట్టుకున్నాం. ఇది ఎక్కడ దొరికింది. ఏ తేదీ ఎన్ని గంటలకు చూశాం. ఏది ఇంకా సరిచూడలేదు. మూడో లైను రాయడం మాస్టారికి మొదట్లో నామోషీగా ఉండేది. "సరిచూడకపోతే ఎందుకు పెట్టావంటారు" అనేవారు. ఎవరూ అనలేదు. పైగా పాఠకులే ఆ లైను చూసి, సంబంధిత ఆఫీసులో పనిచేసే తమ్ముడికో మరదలికో ఫోన్ చేసి కనుక్కుని చెప్పడం మొదలుపెట్టారు. కామెంట్లు మళ్లీ తెరిచింది అందుకే. నేను కమిటీ వేసి సాధించలేనిది ఖాళీగా వదిలిన ఒక్క లైను చేసింది.

కాగితం చూడటం కూడా నేర్చుకున్నాం. జీవోకు నంబరు ఒక్కటే గుర్తు కాదు. ఏ శాఖకు ఆ శాఖ ఏటా మొదటి నుంచి నంబర్లు వేసుకుంటుంది కాబట్టి ఒకే నంబరుతో ఎన్నో జీవోలుంటాయి. శాఖ, తేదీ, నంబరు మూడూ కలిస్తేనే అది ఫలానా జీవో. సంతకం కంటే ముందు, పైన వరుసగా ఇచ్చే పాత ఉత్తర్వుల జాబితా చూడమంటాను. సంతకం ఎవడైనా అతికిస్తాడు. ఆ జాబితాలోని తేదీలు జీవో తేదీకి ముందువేనా, అందులో చెప్పిన పాత జీవో నిజంగా ఈ విషయం గురించినదేనా అన్నది నకిలీ చేసేవాడు పట్టించుకోడు. గవర్నర్ పేరున జారీ చేస్తున్నామనే వాక్యంలో ఏ రాష్ట్రం పేరుందో చూస్తే రెండు రాష్ట్రాల కలగాపులగం సగం తీరిపోతుంది.

ఇంకో మార్పు చిన్నదిగా కనబడుతుంది గానీ చాలా ఉపయోగపడింది. మాస్టారు ఉత్తర్వులన్నీ బొమ్మలుగా పెట్టేవారు. తెలుగులో వచ్చేవాటి అక్షరాలు అనూ అనే పాత రకం ఫాంట్లలో కొట్టినవి, కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, అందుకని బొమ్మ తీసి పెట్టడం తేలిక. కానీ బొమ్మలో ఉన్న మాట వెతికితే దొరకదు. సవరణ దొరకాలంటే అది అక్షరాల్లో ఉండాలి. ముఖ్యమైన నాలుగు వాక్యాలు యూనికోడ్‌లో (వెతికితే దొరికే అక్షరాల్లో) టైపు చేయడం మొదలుపెట్టాక, ఆ నకిలీ టైంటేబుల్‌ గురించి గూగుల్‌లో వెతికినవాళ్లకు "ఇది తప్పు" అన్న పేజీయే ముందు కనబడసాగింది.

ఇన్‌కంట్యాక్స్ ఎక్సెల్ షీటుకూ ఇదే వర్తించింది. ఒకసారి దించుకున్న ఫైలును వెనక్కి పిలవలేం. అందుకని మొదటి గడిలోనే ఎన్నో కూర్పో, ఏ తేదీదో రాసి, పక్కన బ్లాగు చిరునామా ఇచ్చాం. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్ట్ (వేరేది ఎంచుకోకపోతే వర్తించేది) అయినప్పుడు, పాత షీటుతో లెక్కేసుకున్న ఒక హెడ్మాస్టరు ఆ గడి చూసే తప్పు పట్టుకున్నారు.

మిగిలిపోయినవి

అంతా చక్కబడిందని చెప్పను. కాగితం మీదికెళ్లినదాన్ని మేం ఏమీ చేయలేకపోయాం. బళ్లో నోటీసు బోర్డుకు గుచ్చిన ప్రింటుకూ, ఆ అమ్మాయి గోడ మీది జిరాక్సుకూ ఏ లింకూ చేరదు. పీడీఎఫ్ ప్రతి పేజీ అడుగున బ్లాగు చిరునామా, తీసిన తేదీ పడేలా చేశాం. దాన్ని ఎంతమంది చదువుతారో నాకు అనుమానమే. చాలా జిరాక్స్ షాపుల్లో అంచు కోసేస్తారు.

సరిచూడలేదని రాసినవాటినీ కొందరు నిజమనే పంచుకుంటారు. ప్రకటనల సంగతి అలాగే ఉంది. ఆ ఖాతా విషయంలో శాఖ అనుమతి అడగమని చెప్పాను, అడిగారో లేదో నేను మళ్లీ అడగలేదు.

కిందటి ఫిబ్రవరిలో వాళ్లింటికి వెళ్తే మాస్టారు ల్యాప్‌టాప్‌లో ఆ పేజీ చూపించారు. పరీక్షల కాలం వస్తే దానికి ఇప్పటికీ జనం వస్తారు. "ఇంక తీసేద్దామా తమ్ముడూ, ఎన్నేళ్లని ఉంచుతాం?" అన్నారు. కిందికి జరిపితే కొత్త కామెంటు ఒకటి ఉంది. ఎవరో పిల్లాడు: "సార్, ఇది నకిలీ అని తెలిసింది. మా బ్యాచ్‌ది ఎప్పుడొస్తుంది?" మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని జవాబు టైపు చేయడం మొదలుపెట్టారు. తీసేసే మాట మళ్లీ ఎత్తలేదు.